చిన్నన్న బొంబాయి చేరిన దారి

1960లో వచ్చిన ‘బంబయి కా బాబు’ అనే హిందీ సినిమాలో ఆశా భోంస్లే పాడిన చిలిపి పాట ఒకటుంది. రాసింది మజ్రూహ్ సుల్తాన్‌పురి, సంగీతం ఎస్.డి. బర్మన్, సినిమా దర్శకుడు రాజ్ ఖోస్లా. బొంబాయి నుంచి వచ్చిన కుర్రవాణ్ని వలపు నిండిన మాటలతో ఆటపట్టించే పాట అది. పల్లవి చివర హిందీ నిఘంటువులో దొరకని మాట ఒకటి వినిపిస్తుంది: చిన్నన్న. ఉత్తరాది శ్రోతకు అది చెవికి ఇంపైన చప్పుడు మాత్రమే. తెలుగువాడికి మాత్రం ఆ చిన్నన్న ఎవరో, ఎక్కడివాడో వెంటనే తెలుస్తుంది. 1955 ఏప్రిల్‌లో విడుదలైన ‘రోజులు మారాయి’లో కొసరాజు రాఘవయ్య చౌదరి రాయగా, మాస్టర్ వేణు బాణీ కట్టగా, జిక్కి పాడిన ‘ఏరువాక’ పాటలో నాగలి పట్టమని పిలిపించుకున్న రైతు అతనే. ఐదేళ్లలో ఆ పాట మద్రాసు మీదుగా బొంబాయి చేరింది. దారిలో నాగలి జారిపోయింది, ఎడ్లు పోయాయి, విత్తనాల గంప పోయింది. లయ మిగిలింది, పిలుపు మిగిలింది. దుక్కి పాటగా బయలుదేరింది ప్రేమపాటగా దిగింది.

పల్లెపాట పట్నం చేరిన ఇలాంటి కథలను మనం రెండే రకాలుగా చెప్పుకుంటూ వచ్చాం. సినిమావాళ్లు జానపదుల సొత్తు దోచుకున్నారన్నది ఒకటి. మరుగున పడిపోయే బాణీలను సినిమాయే బతికించిందన్నది రెండోది. రెండింటిలోనూ ఒక వైపు పొలం, ఇంకో వైపు స్టూడియో తప్ప మధ్యలో ఏమీ కనిపించదు. గుంటూరు, ప్రకాశం మైదానాల చరిత్ర చూస్తే మధ్యలో ఒక పెద్ద మజిలీ ఉంది. అది సభావేదిక. 1930ల రైతు మహాసభలు, 1940ల బుర్రకథ పందిళ్లు, ఎన్నికల మీటింగులు పల్లెపాటకు వేలమంది అపరిచితుల ముందు నిలబడి పాడే గొంతును, ధైర్యాన్ని ఇచ్చాయి. ఆ మజిలీ లేకపోతే ఏరువాక పాట హిట్టయ్యేది కాదన్నది నా వాదన. ఆ వేదిక లేని చోటికి వెళ్లినప్పుడు పాట పనిని వదిలేసి ప్రేమను మాత్రమే పట్టుకుందన్నది దానికి కొనసాగింపు.

ముందు పొలం సంగతి. ఈ మైదానంలో రెండు రకాల నేలలున్నాయి. బాపట్ల, రేపల్లె, తెనాలి వైపు కృష్ణ కాలువల కింది వరిమాగాణి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక పచ్చబడిన భూమి అది. నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా అద్దంకి, ఒంగోలు దాకా పరుచుకున్నది వానకు తడిసి ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడి. జ్యేష్ఠ పున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూజచేసి తొలి దుక్కి దున్నే ఏరువాక రెండు నేలలకూ పండుగే. పాట మాత్రం అన్ని పనుల్లోనూ ఒకే విధంగా ఉండదు. కొన్ని పనులకు పాట పనిముట్టు. గూడ వేయడమే చూడండి. నాలుగు తాళ్లు కట్టిన గూడను ఇద్దరు చెరో వైపు నిలబడి కాలువలోకి వంచి, నింపి, ఊపి, గట్టు మీది చేలోకి నీళ్లు విసరాలి. ఇద్దరూ ఒకే క్షణాన వంగాలి, ఒకే క్షణాన లేవాలి. తేడా వస్తే నీళ్లు కాలువలోనే పడతాయి, నడుం పట్టేస్తుంది. అక్కడ కాలం కొలిచేది పాటే. దంపుళ్లకు, మోటకు, వరినాట్లకు కూడా అంతే. పత్తి తీయడం, మిరపకాయలు కోయడం అలాంటివి కావు. ఎవరి సాలు వారిది, ఎవరి చేతివాటం వారిది. అక్కడ పాట పొద్దు పుచ్చడానికి, ఎండను మరిపించడానికి. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఊరు దాటి వెళ్లిన పాటలన్నీ దాదాపుగా మొదటి రకం లయలోంచే పుట్టాయి. మనిషికి మనిషి జవాబిచ్చే లయ అది. అన్నా అనో, మావా అనో, పిల్లా అనో అవతలి మనిషిని పిలవకుండా ఆ పాట నడవదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. పల్లె ప్రేమపాట చదువుకున్నవాళ్ల దగ్గరికి చేరడానికి ఏ రైతు సభా అక్కర్లేకపోయింది కదా, నండూరి వెంకట సుబ్బారావు ఎంకి పాటలు ఏనాడో ఆ పని చేశాయి కదా అని. నిజమే. పశ్చిమ గోదావరి నుంచి మద్రాసు చదువుకు వెళ్లిన సుబ్బారావు మొదటి ప్రపంచయుద్ధం చివరి ఏళ్లలోనే ఎంకినీ నాయుడు బావనూ పల్లె మాటతో పాడించారు. బెజవాడ పక్క పటమటకు చెందిన బసవరాజు అప్పారావు అదే కాలంలో పల్లెపాట ఒడుపుతో వలపు గీతాలు రాశారు. వింజమూరి సీత, అనసూయ సోదరీమణులు జానపద గీతాన్ని కచేరీ వేదికకూ రేడియోకూ తెచ్చారు. వాటి విలువను తగ్గించే పని లేదు. కానీ ఆ పాటలు చేరింది ఎవరి దగ్గరికి? పుస్తకం కొనగలిగినవారికి, కచేరీకి వెళ్లగలిగినవారికి. అక్కడ కూడా స్వాగతం ఏకగ్రీవం కాదు. పల్నాటి గడ్డకు చెందిన పండితుడు అక్కిరాజు ఉమాకాంతం 1928లో ‘నేటి కాలపు కవిత్వం’ రాసి, ఎంకిని కావ్యనాయికగా ఒప్పుకోనన్నారు. 1911లో పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చు వేయించింది కూడా ఆ ఉమాకాంతమే. వీరవిద్యావంతులు ఊరూరా పాడే కథ ఆయనకు గౌరవపాత్రం, పల్లెటూరి పిల్ల ప్రేమ మాత్రం కాదు. ఆయన్ని ఎగతాళి చేయాలని ఈ మాట చెప్పడం లేదు. ఆ తరం పండితులకు వీరగాథలో చరిత్ర కనిపించింది, పల్లె ప్రేమపాటలో చరిత్ర కనిపించలేదు. అది కనిపించేలా చేసింది తర్వాతి పాతికేళ్ల రాజకీయం.

బాపట్లకూ నిడుబ్రోలుకూ మధ్య, మద్రాసు రైలు దారిలో ఉన్న చిన్న స్టేషను అప్పికట్ల. కొసరాజు 1905లో పుట్టింది ఆ ఊళ్లో. కొండముది నరసింహం పంతులు దగ్గర చదువుకున్నారు, ఊరి నాటకాల్లో వేషాలు వేశారు, పద్యం నేర్చారు. అంటే ఆయన ‘చదువు రాని జానపదుడు’ కాదు. పద్యం చేతనైనవాడు పాటవైపు తిరగడానికి కారణం పక్కనే ఉంది. నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా ఊరు. 1930లలో రంగా అక్కడ రైతాంగ విద్యాలయం నడిపారు. ఊరూరి యువకులు అక్కడ చేరి శిస్తు లెక్కలు, అప్పుల చట్టాలు, సభలో మాట్లాడే తీరు నేర్చుకున్నారు. ప్రపంచ ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలి, శిస్తు మాత్రం తగ్గని రోజులు అవి. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా సాగిన రైతు రక్షణ యాత్ర ఆ ఉద్యమానికి శిఖరం. కొసరాజు రైతుల ఇక్కట్ల మీద ‘కడగండ్లు’ రాసింది ఈ వాతావరణంలోనే. సభకు వచ్చిన రైతుకు కందపద్యం వినిపిస్తే తలూపుతాడు, తనకు తెలిసిన బాణీ అందుకుంటే గొంతు కలుపుతాడు. ఉద్యమానికి కావలసింది రెండోదే. పల్లె బాణీ అంతవరకూ పనికో, పేరంటానికో, తిరునాళ్లకో కట్టుబడి ఉండేది. దానికి ఆ సందర్భం నుంచి విడుదల దొరికింది సభలోనే. ఏ ఊరివాడైనా ఏ ఊరి పాటైనా పాడవచ్చన్న అలవాటు అక్కడ మొదలైంది.

ఆ అలవాటును తెర మీదికి తెచ్చినవారు గూడవల్లి రామబ్రహ్మం. సారథి సంస్థ తరఫున ఆయన 1938లో ‘మాలపిల్ల’ తీశారు, అందులో బసవరాజు అప్పారావు పాటలు వాడుకున్నారు. మరుసటి ఏడాది ‘రైతుబిడ్డ’ తీశారు. బళ్లారి రాఘవ ప్రధాన పాత్ర, టంగుటూరి ప్రకాశం తమ్ముడి కూతురు సూర్యకుమారి అందులో నటి, గాయని, పాటల రచనలో కొసరాజు. జమీందారీ దౌష్ట్యం మీద తీసిన ఆ సినిమాకు పెట్టుబడి పెట్టిన సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారు కావడం ఆనాటి రాజకీయాల చిక్కుముడికి ఒక గుర్తు. ఇతర జమీందారుల ఆగ్రహం ఎలాగూ తప్పలేదు. మన కథకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ‘రైతుబిడ్డ’ తీసిన సారథి సంస్థే పదహారేళ్ల తర్వాత ‘రోజులు మారాయి’ తీసింది, పాటలకు మళ్లీ కొసరాజునే పిలిచింది. 1955 నాటి హిట్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. అదే సంస్థ, అదే కవి, అదే రైతు సమస్య, రెండో ప్రయత్నం.

ఆ పదహారేళ్లలో వేదిక ఇంకా పెద్దదైంది. 1943లో కమ్యూనిస్టుల కళాసంస్థగా ప్రజానాట్యమండలి పుట్టింది. తాడికొండ దగ్గర పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను భిక్షాటన కళ స్థాయి నుంచి వేలమందిని తెల్లవార్లూ కూర్చోబెట్టే ప్రదర్శనగా మార్చారు. దాని తంబుర, గుమ్మెట, వంతపాట అవే, కథ మాత్రం పల్నాటి యుద్ధం నుంచి బెంగాల్ కరువు దాకా ఏదైనా కావచ్చు. మండలి ఆడిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1948 తర్వాత కమ్యూనిస్టుల మీద నిర్బంధం పెరిగి దళాలు చెదిరిపోయాయి. కళాకారులు చాలామంది మద్రాసు సినిమా స్టూడియోలకు చేరారు. డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీశారు. గుంటూరు జిల్లా లింగాయపాలెం నుంచి వచ్చిన మిక్కిలినేని నటుడిగా స్థిరపడ్డారు. ‘రోజులు మారాయి’లో నటించిన పెరుమాళ్లు ఆ మండలివాడే. ఆ సినిమా దర్శకుడు తాపీ చాణక్య వ్యావహారిక భాష కోసం పోరాడిన తాపీ ధర్మారావు కొడుకు. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలు జరిగాయి. 196 స్థానాల శాసనసభలో కమ్యూనిస్టులకు దక్కినవి 15. రెండు నెలలకే, రైతులు భూస్వామి మోసాన్ని ఎదిరించే కథతో ఒక సినిమా వచ్చి ఊళ్లకు ఊళ్లను థియేటర్లకు రప్పించింది. పార్టీకి ఓటు వేయనివారు కూడా ఆ పాట పాడుకున్నారు. ఓడిపోయిన వేదిక తన గొంతును తెరకు అప్పగించిందని నేను అనుకుంటాను.

పాటను విడమరచి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మొదటి సగం నేరుగా పొలం. చద్దిమూట, ముల్లుకర్ర, నవధాన్యాల గంప, వెంట ఇల్లాలు. పడమటి నుంచి పట్టిన వాన, పొంగిన వాగులు. కోటేరు సరిచూసుకోవడం, ఎలపట దాపట ఎడ్లను కట్టడం, సాలు తప్పకుండా దున్నడం, విత్తనాలు చల్లడం. ఒక సేద్యగాడు కొత్తవాడికి పని అప్పజెబుతున్నట్టే ఉంటుంది ఆ వరస. ఇది కాలువ కింది నాట్ల వ్యవసాయం కాదు, వానకు తడిసిన నేలలో విత్తనం చల్లే మెట్ట సేద్యం. డెల్టా ఊరి కవి రాసినా పాట రేగడి నేల గొంతుతో పలికింది. ఇక రెండో సగంలో గొంతు మారుతుంది. పొలాలు అమ్ముకుని టౌనులో మేడలు కట్టేవారు, బ్యాంకులో డబ్బు దాచుకునేవారు, ఓట్లు గుంజుకుని రైతును మరిచేవారు వరసగా వచ్చి నిలబడతారు. ఏ పొలంలోనూ దుక్కి దున్నుతూ ఈ మాటలు పాడరు. ఇది మీటింగు గొంతు. పొలం పాటకూ మీటింగు పాటకూ అతుకు కనిపించకుండా కొసరాజు కలిపారు. ఆ నైపుణ్యం ‘రైతుబిడ్డ’ నాటి నుంచి, ఏడాది ముందే కె.వి. రెడ్డి ‘పెద్దమనుషులు’లో తత్వాల ఫక్కీలో రాసిన పాటల దాకా సానపట్టినది. బందరువాడైన మాస్టర్ వేణు దానికి కట్టిన బాణీ, జిక్కి గొంతులోని గట్టిదనం, తెర మీద వహీదా రెహమాన్ నాట్యం, ఇవన్నీ కలిశాయి.

మరి హిట్టుకు కారణం వహీదా నాట్యమో, వేణు బాణీయో కావచ్చు కదా, సభల ప్రసక్తి ఎందుకు అనవచ్చు. నాట్యానికి జనం ఊగిపోయారన్నది కాదనలేం. ఆ విజయోత్సవాలకు హైదరాబాద్ వచ్చిన వహీదా కారు చుట్టూ జనం మూగడం చూసే హిందీ దర్శకుడు గురుదత్ ఆమె గురించి ఆరా తీశారని ఆమే చాలా చోట్ల చెప్పారు. మరుసటి ఏడాది ‘సి.ఐ.డి.’తో ఆమె హిందీలో అడుగుపెట్టారు. అయితే సొగసైన నాట్యాలు ఆ రోజుల్లో ప్రతి సినిమాలోనూ ఉన్నాయి. నాట్యకత్తె నోట ఎలపట దాపట అనే మాటలు, ఓట్ల రాజకీయం మీద విసుర్లు పెట్టినా జనం అది తమ పాటే అనుకోవడానికి ముందు ఆ రకమైన పాటకు చెవి తయారై ఉండాలి. పాతికేళ్ల సభలు తయారు చేసింది ఆ చెవినే.

ప్రేమపాటకు ఈ వేదిక ఏం చేసిందన్న ప్రశ్నకు రెండేళ్లలోనే జవాబు దొరికింది. 1957 సంక్రాంతి రోజుల్లో వచ్చిన ‘తోడికోడళ్ళు’లో ఘంటసాల, సుశీల పాడిన ‘ఆడుతూ పాడుతూ’ పాట కూడా కొసరాజు, వేణుల జోడీదే. అక్కినేని, సావిత్రి గూడ వేస్తూ పాడతారు. అంతకు ముందు మన తెర మీద ప్రేమికులు పాడుకున్నవి ఎక్కువగా తోటల్లో, వెన్నెల్లో. ఇక్కడ ప్రియురాలి అందం కనిపించేది ఆమె గూడ విసిరేటప్పుడు. గాజుల చప్పుడు గూడ లయలోంచి వస్తుంది, చెమటకు చెదిరిన కుంకుమ పని చేయడం వల్ల చెదిరింది. ఇద్దరి ఊపు కలిస్తేనే నీళ్లు చేనెక్కుతాయన్న పనిసూత్రమే ఆ పాటలో ప్రేమసూత్రం. ఎంకి పాటల్లో పల్లె ఒక స్వప్నం, అక్కడి ప్రేమకు పొలంపని నేపథ్యం మాత్రమే. ‘ఆడుతూ పాడుతూ’లో పని తీసేస్తే ప్రేమ నిలవదు. పనినీ ప్రేమనూ విడదీయకుండా పట్నం శ్రోతకు చేర్చిన తెలుగు పాట ఇంతకు మించినది మరొకటి లేదని నా నమ్మకం. శరత్‌చంద్ర బెంగాలీ కథకు తెలుగు రూపమైన సినిమాలో ఆ పాట పుట్టడం గమనించదగ్గది. కథ బెంగాల్‌ది, గూడ మాత్రం మనది.

ఇప్పుడు ఏరువాక ప్రయాణం మిగతా భాగం. 1956లో ‘కాలం మారిపోచ్చు’ పేరుతో సినిమా తమిళానికి వెళ్లింది. అక్కడ కూడా జిక్కే పాడారు, వహీదాయే ఆడారు. తమిళంలోనూ అది ఏరు పూన్చమని అన్నను, చిన్నన్నను పిలిచే పాటగానే ఉంది. తంజావూరు రైతుకు నాగలి తెలుసు, అన్న అనే పిలుపు తెలుసు, సభలో పాడే పాట కూడా తెలుసు. అందుకే ఏదీ రాలిపోలేదు. 1960లో బొంబాయికి వెళ్లేసరికి దున్నే మాట పోయింది, ఓట్ల ఊసు పోయింది. బొంబాయి బాబును ఆటపట్టించే వలపు చేరింది. బర్మన్ పల్లెపాట విలువ తెలియని సంగీతకారుడు కాదు, తూర్పు బెంగాల్ పడవవాళ్ల భటియాలీని సినిమాకు తెచ్చిన గొంతు ఆయనది. కథ సందర్భమే వేరు కాబట్టి పని తీసేయక తప్పలేదు. అయినా ‘చిన్నన్న’ను తీయలేదు. తీస్తే బాణీ కుంటుతుంది. ఆ మూడక్షరాల మీదే తాళం వాలుతుంది. అర్థం పోయిన చోట కూడా పిలుపు ఉండిపోయింది.

అదే కాలంలో అమెరికాలో జరిగిన మార్పును పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో 1950ల చివర చెట్ ఆట్‌కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ అనే నిర్మాతలు పల్లె బాణీ పాటలను పట్నపు పాప్ శ్రోతలకు చేర్చడానికి ఫిడేలును, స్టీల్ గిటారును తగ్గించి, మెత్తని వయొలిన్ల బృందాన్ని, కోరస్‌ను చేర్చారు. 1961లో ప్యాట్సీ క్లైన్ పాడిన ‘క్రేజీ’ ఆ పద్ధతికి పేరెన్నికగన్న ఉదాహరణ. రాసింది విల్లీ నెల్సన్. అక్కడ పొలిమేర దాటడానికి పాట తన పల్లె చప్పుడును వదులుకుంది, వలపు మాటను ఉంచుకుంది. ఏరువాక సరిగ్గా తిరగేసి నడిచింది. చప్పుడును ఉంచుకుని మాటను వదులుకుంది. నాష్‌విల్‌లో వినేవాడూ పాడేవాడూ ఒకే భాషవాళ్లు, అడ్డుపడింది యాస, వాయిద్యం. మనకు అడ్డుపడింది భాష. బాణీ ఏ భాషలోనైనా దూరుతుంది, ఎలపట దాపట దూరవు.

అసలు సినిమా కవి రాసినదాన్ని జానపదం అనడమే తప్పని పరిశోధకులు అంటారు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద తన ప్రసిద్ధ పరిశోధన చేస్తున్నది కూడా సరిగ్గా ఈ సంవత్సరాల్లోనే. కర్త తెలియకపోవడం, నోటి నుంచి నోటికి పాకడం, పాడేకొద్దీ మారడం, ఇవి జానపదానికి గీటురాళ్లు. వాటితో కొలిస్తే ఏరువాక జానపదం కాదు, కొసరాజు రచన. ఒప్పుకోవలసిందే. అయితే కొలత ఒక్కసారి వేసి ఊరుకోకూడదు. పాట వెళ్లిన దారి ఎంత ముఖ్యమో తిరిగి వచ్చిన దారి అంత ముఖ్యం. టూరింగ్ టాకీసుల నుంచి, పెళ్లిపందిళ్ల మైకుసెట్ల నుంచి, కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల మీద మోగిన రికార్డుల నుంచి ఆ పాట మళ్లీ చేలకు చేరింది. ఏరువాక పున్నమి వస్తే ఈనాటికీ బడిపిల్లలు ఆడేది, పత్రికలు తలచుకునేది ఆ పాటనే, చాలామందికి కవి పేరు తెలియదు. కర్త తెలియకపోవడమే గీటురాయి అయితే ఆ పాట ఏటేటా జానపదం అవుతోంది. ఈలోగా ఆ చేలే మారాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు, కుడికాలువ పల్నాడు, ఒంగోలు మెట్టల్లో చాలా నేల రూపు మార్చింది. తర్వాత సంకర పత్తి వచ్చింది, ట్రాక్టరు వచ్చింది. ఎలపట ఏదో దాపట ఏదో తెలిసిన యువకులు చిలకలూరిపేట చేలల్లో ఇప్పుడు ఎందరుంటారు? దుక్కి మాటలకు ఆ పాట నిఘంటువైంది.

అన్నింటికన్నా బలమైన అభ్యంతరం చివరికి ఉంచాను, ఎందుకంటే దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సభావేదిక ఎవరిది? భూమి ఉన్న రైతులది. రైతాంగ విద్యాలయం, రైతు యాత్ర, ‘రైతుబిడ్డ’, ప్రతి పేరులోనూ ఉన్నది రైతు. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ, గూడ వేస్తూ పాటను పుట్టించి బతికించినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల స్త్రీలు, భూమి లేని కూలీలు. వారి బాణీ వేదికెక్కింది, వారు వేదిక కింద ఉండిపోయారు. వేదిక పాటను పొలం నుంచి విడుదల చేసిందని పైన రాశాను. పాడే మనిషి నుంచి కూడా విడదీసిందని ఒప్పుకోవాలి. వినుకొండ కవి గుర్రం జాషువ ఈ విషయంలో గొప్ప సాక్షి. కొసరాజుకు పదేళ్లు పెద్ద, అదే జిల్లావాడు, అంటరానితనం అనుభవించినవాడు. 1941లో ‘గబ్బిలం’ రాసేటప్పుడు ఆయన పల్లెపాటను ఎంచుకోలేదు, ఎవరు కాదన్నారో వారి పద్యాన్నే ఎంచుకుని వారికన్నా బాగా రాశారు. పద్యం వచ్చిన రైతు కవికి పాట పట్టడం గౌరవం పెంచింది. పాటనే తన వాటాగా లోకం విదిలించిన కులంలో పుట్టిన కవికి పద్యం పట్టడమే తిరుగుబాటు. కాబట్టి సభావేదిక పాటను పైకెత్తిందన్న నా వాదన నిలుస్తుందిగాని, అది అందరినీ సమానంగా ఎత్తిందని మాత్రం అనలేను.

ఈ లెక్క ఇప్పటికీ తేలలేదు. 2021లో సుద్దాల అశోక్ తేజ రాతతో ‘లవ్ స్టోరీ’ సినిమాలోకి వచ్చిన ‘సారంగదరియా’ పల్లెపాట నుంచి పుట్టినదే, ఆ పాటను ముందుగా వెలుగులోకి తెచ్చిన గొంతుకు గుర్తింపు ఏదన్న ప్రశ్న వెంటనే లేచింది. 1955లో ఎవరూ అడగని ప్రశ్న అది, అడగడం మంచిదైంది. 2024లో తెలంగాణ పల్లె బాణీలో వచ్చిన ‘రాను బొంబాయికి రాను’ ఏ సినిమా సాయమూ లేకుండానే యూట్యూబ్ ద్వారా ఊళ్లు, రాష్ట్రాలు దాటింది. ఇప్పటి వేదిక చేతిలోని ఫోను. ఆ వేదిక ఎక్కడానికి భూమి అక్కర్లేదు, సభ అక్కర్లేదు, మద్రాసు రైలు అక్కర్లేదు. పాడినవారి ముఖం కూడా కనిపిస్తుంది.

ఏటా సంక్రాంతి దాటాక కర్నూలు జిల్లా పడమటి ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లెతో గుంటూరు, ప్రకాశం మిరపచేలకు కోతకు వస్తాయి. అప్పికట్ల కవి ఎన్నడూ వినని బాణీలు, కన్నడం కలిసిన తెలుగు మాటలు, వేరే పిలుపులు ఆ సాళ్లలో వినిపిస్తున్నాయి. వాటిలో ఏదో ఒకటి రేపు హిట్టవుతుంది. అక్కడికి ఫోను పట్టుకుని వెళ్లేవారిని, పరిశోధకులను, సినిమా సంగీత దర్శకులను కోరేది ఒక్కటే: బాణీతో పాటు పాడిన ఆమె పేరు, ఆమె ఊరు అడిగి రాసుకోండి, పాట ఎక్కడికి వెళితే అక్కడికి ఆ పేరును కూడా పంపండి.